అర వైద్యుడు

నడుం నొప్పి అంటూ మా మందుల షాపుకొచ్చిన వాళ్లకి ఏళ్ల తరబడి సలహాలిచ్చాను. నా నడుం దాకా వచ్చేసరికి వాటిలో ఒక్కటీ పాటించలేదు. పాటించకపోవడమే మంచిదయింది, సగానికి సగం తప్పు సలహాలే. కాకపోతే వాటికి బదులు నేను వెలగబెట్టినవి అంతకంటే ఘనమైనవి.

వెయ్యిమందిని చంపితే గానీ అర వైద్యుడు కాడంటారు. నేను ఎవర్నీ చంపకుండానే ఆ హోదా తెచ్చేసుకున్నాను. మాది పశ్చిమ గోదావరిలో కాలవ గట్టునున్న చిన్న ఊరు. డాక్టరుగారి ఫీజు దండగ అనుకునేవాళ్లంతా ముందు నా కౌంటరు దగ్గరికే వస్తారు. "కాలు గుంజేత్తందండీ, ఏదోటి ఇద్దురూ" అంటారు. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అని నేనడగాలి. పిర్ర మీంచి పిక్క దాకా వాళ్లు చెయ్యి జార్చి చూపించాలి. "సయాటికా!" అని నేను తేల్చాలి. ఆ మాట పలికినప్పుడల్లా మెళ్లో స్టెతస్కోపు వేలాడుతున్నట్టే ఉండేది నాకు. ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసిన బిళ్లలు ఒక షీటు, నొప్పి బిళ్లలు ఒక షీటు, గ్యాసు పట్టకుండా ఇంకోటి. కాగితం సంచిలో వేసి, "రాత్రి పూట వేసుకో, మత్తుగా ఉంటాది" అని పంపేవాణ్ణి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆ షీటు మీదే అచ్చేసి ఉంటుంది. అక్షరాలు చిన్నవి, నా కళ్లజోడు పాతది.

ఇక నా సంగతి. సరుకు దిగిన రోజున కుర్రాడు టీకి పోయాడు. సెలైన్ సీసాల పెట్టె గుమ్మానికి అడ్డంగా ఉంది. వాడొచ్చేదాకా ఆగొచ్చు. ఆగలేదు. నడుం వంచి రెండు చేతులా ఎత్తి, పాదాలు కదపకుండా ఒళ్లు మాత్రం పక్కకి తిప్పి అలమార కింద పెట్టాను. అలా వంగి ఎత్తొద్దని, ఎత్తి తిప్పొద్దని ఊరందరికీ చెప్పేది నేనే. అప్పటికేమీ అనిపించలేదు. మర్నాడు పొద్దున్న పళ్లు తోముకుంటూ తుమ్మాను. పిర్రలోంచి కాలి బొటనవేలి దాకా షాక్ కొట్టింది. బేసిను పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానో, మా ఆవిడ తలుపు కొట్టేదాకా తెలీలేదు.

జరిగిందేమిటంటే, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకి చుట్టూ గట్టి తొడుగు, లోపల మెత్తటి గుజ్జు ఉంటాయి. పూర్ణం బూరెని ఒక పక్క నొక్కితే తోపు చిట్లి పూర్ణం రెండో పక్కకి తన్నుకొచ్చినట్టు ఆ గుజ్జు బయటికొస్తుంది. ఎక్కువగా ఇది నడుం నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్యన, లేదా ఐదో పూసకీ దాని కింది త్రికాస్థికీ మధ్యన జరుగుతుంది. అక్కణ్ణుంచి బయల్దేరే వేళ్లే కలిసి తుంటి నరమవుతాయి. ఒంట్లో అన్నిటికంటే పొడుగైన నరం, లావైన నరం అదే. పిర్ర దగ్గర దాదాపు బొటనవేలంత ఉంటుంది. నొక్కుడు పడేది నడుంలో, ఏడ్చేది కాలు. ఈ సంబంధాన్ని 1934లో బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు స్పష్టంగా రాసి పెట్టారు. అంతకు ముందు ఆపరేషన్లో అలాంటి ముక్క దొరికితే కణితి అనుకునేవారట. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ముందే చదివి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదేమో. అనుకుంటాం గానీ, చదివినా చేసేవాణ్ణే.

మొదట్లో నడుం పట్టేసి ఉండేది. కొన్నాళ్లకి నడుం తేలికపడి, నొప్పంతా తొడ వెనక్కీ, అక్కణ్ణుంచి పిక్కలోకీ దిగింది. సంబరపడ్డాను. పైనుంచి కిందికి దిగుతోందంటే వాతం పాదంలోంచి బయటికి పోతోందని నా లెక్క. "మోకాలు దాటేసిందే, ఇంకెంతసేపు" అని మా ఆవిడతో గొప్పగా అన్నాను కూడా. అసలు లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. కాల్లోని నొప్పి వెనక్కి నడుంలోకి ఎక్కితే మంచి గుర్తు, కిందికి పాకితే చెడ్డ గుర్తు. 1956లో న్యూజిలాండులో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టుకి ఇది అనుకోకుండా పట్టుబడింది. తల వైపు ఎత్తి ఉంచిన బల్ల మీద ఒక రోగి పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుం వెనక్కి వంగిపోయి ఉంది. ఈయన కాసేపటికి వచ్చి చూసి కంగారుపడ్డాడు. లేచిన రోగి మాత్రం కాలు నొప్పి పోయిందన్నాడు. ఆ పొరపాటులోంచే పుట్టిన వ్యాయామాలు ఇప్పటికీ లోకమంతా చేయిస్తున్నారు.

నేను మాత్రం ఫోన్లో వీడియో చూసి పశ్చిమోత్తానాసనం మొదలుపెట్టాను. కాళ్లు చాపి ముందుకి వంగి వేళ్లు పట్టుకోవాలి. కాలు గుంజుతుంటే నరం సాగుతోందని, సాగితే వదులవుతుందని మురిసిపోయి ఇంకాస్త వంగేవాణ్ణి. అప్పటికే చిట్లిన డిస్కు మీద ముందుకి వంగడం ఎంత బరువు పెడుతుందో ఆ వీడియోలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మందులు ఎలాగూ సొంత షాపువే. ప్రీగాబాలిన్ వేసుకుని కౌంటర్లో కూర్చుంటే మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి. ఐదొందల నోటుకి చిల్లర ఇస్తూ ఆ నోటు కూడా తిరిగి ఇచ్చేసిన రోజుంది. ఆ బిళ్ల సంగతి ఇప్పుడు చెప్పాలంటే నాకే సిగ్గు. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు సయాటికా ఉన్నవాళ్లని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి అది, రెండో జట్టుకి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూశారు. కాలి నొప్పి తగ్గడంలో రెండు జట్లకీ తేడా లేదు. తేడా వచ్చింది కళ్లు తిరగడంలో. షుగరు వల్ల పాదాలు మండేవాళ్లకి అది పనిచేస్తుంది, అది వేరే జబ్బు. సయాటికాకి అది ఇవ్వొద్దని ఇంగ్లండు మార్గదర్శకాల్లో 2020లోనే రాసేశారు. నడుం బెల్టులు, ట్రాక్షన్, కరెంటు పెట్టెలు కూడా అదే వద్దుల జాబితాలో ఉన్నాయి. నా అలమార్లో సగం సరుకది.

నొప్పి బిళ్లలతో బీపీ ఎగిసింది. అవి బీపీ పెంచుతాయని తెలిసినవాణ్ణే కనుక బీపీ మాత్ర ఒకటి కలిపాను. బిళ్లలు పనిచెయ్యట్లేదని, నాకు తెలిసిన ఆర్ఎంపీ చేత డైక్లోఫినాక్ సూది వేయించుకున్నాను. ఆయన పద్ధతిగా పిర్ర మీద పైన, బయటి వైపు పొడవబోయాడు. "అక్కడ కాదయ్యా, నొప్పున్న చోట వెయ్యి" అని నేనే వేలు పెట్టి చూపించాను. ఆ వేలి కిందే తుంటి నరం పోతుంటుంది. సూది ఆ నరానికి తగిలి కాలు పడిపోయినవాళ్లు ఉన్నారు. ఆయన నా మాట వినకుండా తన చోటే పొడిచాడు. "షాపు పెట్టిన నాకంటే నీకెక్కువ తెలుసా" అని కసిరాను కూడా. ఆ రోజు నా కాలు నిలబడింది ఆయన మొండితనం వల్ల.

ఆయుర్వేదాన్ని చూసి మాత్రం నేను నవ్వను. మినపపిండి ముద్దతో నడుం మీద గట్టు కట్టి గోరువెచ్చటి తైలం పోసే కటివస్తి చేయించుకున్నంతసేపూ ప్రాణం లేచొచ్చేది. వావిలాకు నీళ్ల కాపడమూ అంతే. వెచ్చదనానికి కండలు వదులవుతాయి, హాయిగా ఉంటుంది, ఆ మాత్రం చాలు అనుకుంటే దానితో పేచీ లేదు. ఈ జబ్బులో కాలు పైకెత్తనివ్వదని సుశ్రుతుడు ఎప్పుడో రాశాడు. ఈనాటి డాక్టరు కూడా వెల్లకిలా పడుకోబెట్టి కాలెత్తే చూస్తాడు. నా తప్పల్లా, వైద్యుడుగారు "మంచాన పడుండకండి, తిరుగుతూ ఉండండి" అన్నది వదిలేసి తైలం ఒక్కటే పట్టుకోవడం. చెక్కబల్ల తెప్పించి పగలంతా దాని మీద పడుకున్నాను. పడక వల్ల సయాటికా తొందరగా తగ్గదని 1999లోనే డచ్చి వాళ్లు రోగుల్ని పోల్చి తేల్చేశారు. నాకు మిగిలింది వీపు మీద బల్ల మేకుల అచ్చులు.

అప్పుడొచ్చింది మా బావమరిది ఫోను. "బావగారూ, ఇవన్నీ కాదండి. మీకు ఎదురుకాళ్లతో పుట్టినోడి తన్ను పడాలండి."

నేను ఫార్మసీ చదివినవాణ్ణి. గోడకి నా సర్టిఫికెట్ ఫ్రేము కట్టి వేలాడుతుంది. "ఎక్కడుంటాడు?" అన్నాను.

రైస్ మిల్లు వెనక సందులో ఉంటాడు. ఆదివారం పొద్దు పొడవక ముందు, పరగడుపున రమ్మన్నాడు. పెద్దాయన, మనిషి బక్కపలచన, మాట మెత్తన. డబ్బులు తీసుకుంటే పనిచెయ్యదట, కొబ్బరికాయా, ఓ చుట్టల కట్టా చాలన్నాడు. అరుగు అంచు పట్టుకుని వంగమన్నాడు. పంచె ఎగ్గట్టి, ఎడమకాలు కడుక్కుని వచ్చి, "కదలకండేం" అన్నాడు. మొదటి తన్ను మొహమాటంగా పడింది. రెండోది పర్వాలేదు. మూడోదానికి నేను అరుగు మీద బోర్లాపడ్డాను. పాపం ఆయనే కంగారుగా వంగి నన్ను లేవదీశాడు. ఆ వంగడంలో బనీను పైకి పోయి, నడుముకున్న బెల్టు బయటపడింది. గోధుమరంగు ఎలాస్టిక్ బెల్టు, అంచుకి మా కుర్రాడి చేతిరాతతో ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.

"ఎన్నాళ్ల నుంచండీ?" అన్నాను.

"శానాళ్లయిందండి. మీరే కదండీ ఇచ్చారు," అన్నాడు. నా మొహంలో ఏం కనబడిందో, "నన్ను నేను తన్నుకోలేను కదండీ మరి" అని సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు.

అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు, ఎందుకంటే ఆ తర్వాత నిజంగానే నొప్పి తగ్గుముఖం పట్టింది. కాలు గుంజడం సగమయింది. రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఇన్ని మందులకి లొంగనిది మూడు తన్నులకి లొంగిందని ఊరంతా చెప్పాను. కౌంటరు దగ్గర నిలబడి ఆయన ఇంటి గుర్తులు కూడా చెప్పి పంపాను కొందరిని.

ఆ రోజుల్లోనే కుడికాలి హవాయి చెప్పు జారిపోవడం మొదలైంది. మెట్లెక్కితే చెప్పు కింది మెట్టు మీదే ఉండిపోయేది. ఇంట్లో గచ్చు మీద నడుస్తుంటే, "ఏవండీ, ఒక కాలు టప్‌మని పడుతోందేంటండీ?" అని మా ఆవిడ అడిగింది. చెప్పు సాగిపోయిందన్నాను. వట్టికాళ్లతో ఉన్నారు కదా అంది. మాట మార్చాను. మర్నాడు కొత్త చెప్పులు కొన్నాను. అవీ జారాయి. నంబరు తేడా అని గొడవపడి ఒక సైజు తగ్గించి తెచ్చుకున్నాను. కూరల బజార్లో ఒక కుర్రాడు వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, "మాస్టారూ, మీ చెప్పు!" అని చేతికిచ్చాడు. వంకాయల బుట్టల దగ్గర ఊడిపోయిందట. నేను అక్కణ్ణుంచి చేపల దుకాణాల దాకా ఒంటి చెప్పుతో నడిచాను. తడినేల తగిలిన సంగతి కూడా పాదానికి తెలియలేదు.

మా ఆవిడ ఇంకేమీ అనలేదు. మర్నాడు పొద్దున్న రాజమండ్రికి కారు పిలిపించింది.

డాక్టరుగారు నొప్పెలా ఉందన్నారు. బాగా తగ్గిందండీ అని దర్జాగా చెప్పాను, వైద్యం నాదే అన్నట్టు. మడమల మీద నడవమన్నారు. ఎడమకాలు నిలబడింది, కుడిపాదం ముందుకి వాలిపోయింది. కూర్చోబెట్టి, బొటనవేళ్లు రెండూ పైకెత్తమన్నారు. ఎత్తాననే అనుకున్నాను. కిందికి చూస్తే ఎడమది లేచి ఉంది, కుడిది కదల్లేదు. మళ్లీ ఎత్తాను. బుర్రలో ఎత్తుతూనే ఉన్నాను, వేలు తనకేం సంబంధం లేనట్టు అలాగే ఉంది. ఎన్నాళ్ల నుంచి చెప్పు జారుతోందని అడిగారు. "నిన్నటి నుంచండీ" అన్నాను. పక్కనుంచి మా ఆవిడ నిజం చెప్పింది.

"నొప్పి తగ్గడం రెండు రకాలండీ," అన్నారాయన. "నరం మీద ఒత్తిడి పోతే తగ్గుతుంది. నరమే నీరసించి కబురు మోయడం మానేసినా తగ్గుతుంది. మీది రెండోది లాగుంది."

నేను ఊరంతా చాటింపు వేసుకున్న విజయం అదన్నమాట.

ఎమ్మారై తీశారు. నాలుగో పూస, ఐదో పూస మధ్య నుంచి పెద్ద ముక్కే జారింది. ఫిల్ము చూసి నేను బెంబేలెత్తితే, ఒక్క ఫిల్ము చూసి ఎవరికీ కత్తి పెట్టనన్నారు. 1994లో అమెరికాలో నడుం నొప్పంటే తెలియని 98 మందికి ఎమ్మారై తీస్తే సగం మందికి పైగా ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించిందట. "ఫిల్ములో ఏముందన్నది తర్వాత, మీ వేలు లేవకపోవడం నాకు ముఖ్యం" అన్నారు. నొప్పి ఒక్కటే అయితే ఆగమనేవారట. జారిన గుజ్జుని ఒంట్లోని రక్షణ కణాలే తినేసి కుదిస్తాయి. పెద్ద ముక్కలే బాగా కుంచించుకుపోతాయట, అది నాకు వింతగా అనిపించింది. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఆ వారాల్లో ఎవరేం చేస్తుంటే దానికి పేరొస్తుంది, తైలానికీ, బెల్టుకీ, ఎదురుకాళ్ల ఆయనకీ. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చేసిన అధ్యయనంలో ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి కాలి నొప్పి తొందరగా పోయింది, కానీ ఏడాది తిరిగేసరికి ఆగినవాళ్లూ వాళ్లూ ఒకే తీరుగా ఉన్నారు. ఆగినవాళ్లలో కొందరు మధ్యలో భరించలేక ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లే అనుకోండి. భరించలేని నొప్పికి వెన్నులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఉంది. అది నొప్పిని కొన్నాళ్లు చల్లారుస్తుంది, పడిపోతున్న పాదాన్ని నిలబెట్టదు. నాకు ఆ దారులన్నీ మూసుకుపోయాయి, మూసింది నేనే.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అంగుళమంత గాటు, మైక్రోస్కోపు కింద ముక్క తీసెయ్యడం, మర్నాడు నడిపించడం. భయపడినంత ఏమీ లేదు. మంచం మీద పడుకుని ఫోన్లో చదువుకుంటుంటే ఒక సంగతి కనిపించింది. బొప్పాయి పాలలోంచి తీసిన ఎంజైమును డిస్కులోకి సూదితో ఎక్కించి గుజ్జుని కరిగించే వైద్యం ఒకప్పుడు ఉండేదట. 1982లో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. కొందరికి ప్రాణాంతకమైన ఎలర్జీలూ, అరుదుగా కాళ్లు పడిపోవడాలూ రావడంతో వాడకం తగ్గిపోయి, చివరికి అక్కడ అమ్మకమే ఆగిపోయింది. మా పెరట్లో బొప్పాయి చెట్టుంది. ఈ సంగతి ఆపరేషన్‌కి ముందు నా కంట పడనందుకు వెంకన్నకి దణ్ణం పెట్టుకున్నాను.

పాదం చాలావరకు తిరిగొచ్చింది. బొటనవేలు మాత్రం సగమే లేస్తుంది. నరం పోగు మళ్లీ పెరగాలంటే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పునేనట, నడుం నుంచి పాదం ఎంత దూరమో చూసుకోమన్నారు డాక్టరుగారు. హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకుంటున్నాను.

షాపు మామూలే. కాలు గుంజుతోందంటూ ఎవరొచ్చినా ఇప్పుడు నేను బిళ్ల తియ్యను. ముందు మడమల మీద నాలుగడుగులు వెయ్యమంటాను. తర్వాత గొంతు తగ్గించి, ఒంటేలు, దొడ్డికి సరిగ్గా అవుతున్నాయా, సైకిలు సీటు తగిలే చోట తిమ్మిరిగా ఉందా అని అడుగుతాను. ఈ రెంటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా కూడా ఆగకూడదు. ఈ ప్రశ్నల వల్ల వ్యాపారం ఏమీ పెరగలేదు. మొన్న ఒక మోటారు మెకానిక్ వచ్చాడు. మడమల మీద బాగానే నడిచాడు గానీ, రెండో ప్రశ్నకి అటూ ఇటూ చూశాడు. వెనక ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. "నేనడిగింది కాలి నొప్పికి బిళ్లండీ, ఒంటేలు సంగతి మీకెందుకండీ?" అని విసుక్కుని వెళ్లిపోయాడు. కాసేపటికి ఎదురు షాపులోంచి కాగితం సంచి పట్టుకుని బయటికొచ్చాడు. బండి స్టార్ట్ చేసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ నా దగ్గరికే వచ్చి అడిగాడు.

"మాస్టారూ, రైస్ మిల్లు ఎనకాల తన్నే పెద్దాయన ఇల్లెక్కడండీ? మీకు అక్కడే తగ్గిందంట కదా!"